కోళ్ల షెడ్డు చాచా, నల్ల బానెట్టు

ఈ నాలుగు మాటలు రాసి పెట్టవలసిన అవసరం ఎందుకు వచ్చిందో మొదటనే చెప్పడం పద్ధతి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఒకప్పుడు కార్లకు చేత్తో పాలిష్ పెట్టిన ఒక పెద్దమనిషి గురించి మా కాలనీలో ఒక మాట నిలిచిపోయింది. ఆయన ఒక నల్ల కారు బానెట్టును రంగు లేచిపోయేటట్టు రుద్ది పాడు చేశాడని ఆ మాట. కొత్తగా కారు కొన్నవారికి దాన్ని హెచ్చరికగా చెబుతున్నారు కూడా. అది అబద్ధం. అబద్ధమని మొదటి నుంచీ తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు ఆయన, రెండోవాణ్ణి నేను. చేతిపని మీద బతికే మనిషికి, ఆ చెయ్యి మంచిదని నలుగురూ అనుకోవడమే ఆధారం. ఆయనకు ఆ ఆధారం పోయింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికే ఈ రాత. నోటితో చెప్పి చూశాను, పని జరగలేదు. ఎందుకు జరగలేదో దాని వరుసలో చెబుతాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. షెడ్డు ముందు పేరుతో ఒక బోర్డు పెట్టించుకొమ్మని నేనే ఒకసారి సలహా ఇచ్చాను. "బోర్డు పెడితె దుమ్ము పడతది సారు, మల్ల దాన్ని ఎవలు తుడవాలె" అన్నారు. ఊరివాళ్లు, దారిన పోయేవాళ్లు, అందరూ ఆయనను చాచా అనేవారు. నేనూ అలాగే పిలిచాను, నాకంటే రెండు మూడేళ్లే పెద్ద అయినా.

ఆయన పనిచేసిన చోటు ఒక పాత కోళ్ల ఫారం. కోళ్లు పోయి చాలా కాలమైంది. వానాకాలంలో వాసన మాత్రం వాటిని గుర్తుచేసేది. పొడవాటి రేకుల కప్పు, రెండు పక్కలా మోకాలెత్తు గోడ, ఆపైన ఇనుప జాలీ. కోళ్ల కోసం కట్టిన ఆ షెడ్డు కార్లకు అంతకంటే బాగా పనికివచ్చింది, ఎందుకంటే నీడా గాలీ రెండూ ఉండేవి, ఎండ నేరుగా పడేది కాదు. ఆదివారం పూట ఐదారు కార్లు ఒకదాని వెనుక ఒకటి నిలిచేవి. కొంపల్లి విల్లాల నుంచి వచ్చేవారు ఎక్కువ. దుండిగల్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు కూడా వచ్చేవారు.

షెడ్డులో అడుగు పెట్టడానికి నియమాలు ఉండేవి. నియమాలంటే నాకు మొదటి నుంచీ గౌరవం; బహుశా అందుకే ఆయన నాకు వెంటనే నచ్చారు. ఉంగరాలు, గడియారం, బెల్టు, తాళాలు తీసి గోడ మీది స్టీలు డబ్బాలో వెయ్యాలి. ఆ తరువాత చొక్కా విప్పి, వెనుక భాగం ముందుకు వచ్చేటట్టు తిప్పి తొడుక్కోవాలి. అప్పుడు గుండీలు వీపు మీదికి పోతాయి, కారుకు తగలవు. ఎంతటివారికైనా ఇందులో మినహాయింపు లేదు. భూముల వ్యాపారం చేస్తూ రాజకీయాల్లో కూడా తిరిగే ఒక పెద్ద రైతు ఒకనాడు కొత్త కారుతో వచ్చారు. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. చాచా ఆయన చేత కూడా చొక్కా తిప్పించారు. కొంతసేపటికి ఆయన ఫోను మోగింది. ఫోను జేబులో ఉంది, జేబు వీపు మీద ఉంది. ఆయన ఒక చేత్తో గుడ్డ పట్టుకొని, రెండో చెయ్యి వెనక్కి మడిచి, ఫోను అందక తన చుట్టూ తానే ఒక ప్రదక్షిణం చేశారు. షెడ్డులో ఉన్న మేమంతా తలలు వంచుకొని శ్రద్ధగా రుద్దుకుంటున్నాము. చాచా మాత్రం తల ఎత్తకుండానే, "మోగనియ్యుండ్రి పటేలా, గుడ్డ కింద పెట్టకుండ్రి" అన్నారు.

గుడ్డ కింద పెట్టకూడదన్నది అన్నిటికంటే కఠినమైన నియమం. చేతిలోంచి జారి నేల తగిలిన గుడ్డ, దులిపినా ఉతికినా, ఆ రోజుకు మళ్లీ కారు ఎక్కడానికి వీల్లేదు. దాన్ని టైర్లు తుడవడానికి దించేసేవారు. నేలకు అంటిన ఇసుక రేణువు ఒక్కటి చాలు, తలుపు పొడవునా గీత పడడానికి.

ఆ పటేలు గారి కారు బానెట్టు మీదే పూజనాటి పసుపూ కుంకుమా గట్టిపడి ఉన్నాయి. బొట్టు చెరపకూడదని రెండు నెలలు అలాగే ఉంచుకున్నారు. ఎండకు ఆ పసుపు రంగులోకి దిగి మచ్చ కట్టింది. మన ప్రాంతంలో చాలా కొత్త కార్లకు పడే మొదటి మచ్చ అదే. చాచా దాన్ని ముట్టుకోలేదు. "బొట్టు మీది పటేలా, మీ చేత్తోనే తియ్యుండ్రి. తడిగుడ్డ ఏసి నాననియ్యుండ్రి, గీకకుండ్రి" అని చెప్పి, బొట్టు పూర్తిగా తీసేవరకు కొంచెం దూరంగా నిలబడ్డారు. మిగిలిన పసుపు నీడను మాత్రం తరువాత తన చేత్తో తీశారు. వెళ్లేటప్పుడు, వచ్చేసారి బొట్టు అద్దం మీద పెట్టుకొమ్మనీ, అక్కడ పెట్టినా దేవుడికి కనబడుతుందనీ చెప్పారు. పటేలు గారు నవ్వి ఒప్పుకున్నారు.

ఆయన దగ్గర గడియారం ఉండేది కాదు. కాలాన్ని చాయిలతో కొలిచేవారు. ఎండలో వచ్చిన కారు చల్లబడడానికి రెండు చాయిలు, పూసిన వ్యాక్స్ ఆరడానికి ఒక చాయి. కారు రాగానే రోగి నుదురు చూసినట్టు అరచెయ్యి తిప్పి బానెట్టు మీద పెట్టేవారు. వేడిగా ఉంటే యజమానిని కూర్చోబెట్టి చాయి తెప్పించేవారు. వేడి రేకు మీద నీళ్లు పోస్తే అవి తుడిచే లోపే ఆరి తెల్లటి చుక్కలు పడతాయి. పాలిష్ పేస్టు పెడితే అది అక్కడే ఎండి అంటుకుంటుంది. నేను ఆయన చాయిని నిమిషాల్లోకి మార్చి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఉదయం పూట పన్నెండు, మధ్యాహ్నం ఎనిమిది. ఆయన ఆ పుస్తకం చూసి చాలా మెచ్చుకొని, ఆరిందో లేదో మాత్రం వేలితో చూసుకొమ్మన్నారు.

నేను అక్కడికి వెళ్లడానికి కారణం ఒక నల్ల కారు. అది నాది కాదు, మా తోడల్లుడిది. మా ఆవిడ చెల్లెలి భర్త ఆయన, మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగి, నివాసం కొంపల్లిలో. 2010లో కంపెనీ ఆయనను మూడు నెలలు నాగపూర్ పంపింది. వెళ్తూ కొత్త కారును మా ఇంటి దగ్గర ఉంచి, వారానికొకసారి నడపమని నాకు అప్పగించారు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా నక్షాలు గీసి అంతకు ముందు ఏడే పదవీ విరమణ చేసినవాణ్ణి. చేతికి పని లేదు. అప్పగించిన వస్తువును తీసుకున్నప్పటి కంటే మంచి స్థితిలో తిరిగి ఇవ్వాలన్నది నా అభిప్రాయం. రోజూ ఉదయం ఆరు గంటలకు, ఉతికి మడత పెట్టిన పాత ధోవతి ముక్కతో, నీళ్లు లేకుండా, ఆ కారును గుండ్రంగా గుండ్రంగా తుడిచేవాణ్ణి. మా వీధి చివర ప్లాట్లు చదును చేస్తున్నారు. సాయంత్రానికి మళ్లీ దుమ్ము. మరునాడు మళ్లీ ఆరు గంటలు. "గా సేవ నాకు జేస్తె నేను గూడ మెరుస్తుంటి" అని మా ఆవిడ ఒకనాడు అన్నది. నేను విననట్టు తుడుచుకున్నాను.

తోడల్లుడు తిరిగి రావడానికి ఒక నెల ఉందనగా, చివరి మెరుగు పెట్టిద్దామని కారును కోళ్ల షెడ్డుకు తీసుకువెళ్లాను. నా శ్రద్ధను ఆయన మెచ్చుకుంటారని కొంత ఆశ కూడా ఉంది. చాచా కారును షెడ్డులోకి రానివ్వలేదు. ముందు ఎండలో నిలబెట్టమని, నన్ను పక్కకు పిలిచి, ఒక కన్ను మూసి బానెట్టులో సూర్యుడి నీడను చూడమన్నారు. చూశాను. సూర్యుడి చుట్టూ సన్నని గీతలు వేలకొద్దీ, సాలెగూడు పరిచినట్టు.

"గీ బండి ఎవలు తుడుస్తరు సారు?"

"నేనే. రోజూ, తప్పకుండా."

"పొడి గుడ్డతోనా?"

శుభ్రంగా ఉతికిన గుడ్డతోనే అని నేను గట్టిగానే చెప్పాను.

"గుడ్డ సాఫ్ ఉంటది. దుమ్ము సాఫ్ ఉండది గదా. దుమ్మంటె సన్న రాయి. రోజూ రాయి పెట్టి గుండ్రంగ రుద్దిండ్రు. మీకు ఓపికున్నది సారు, మస్తున్నది."

ఆనాడు తప్పు ఒప్పుకోవడం నాకు కష్టం కాలేదు. చూసినవారు ఆయన ఒక్కరే.

కారును వదిలి వెళ్తాను, రెండు రోజుల తరువాత వస్తాను అన్నాను. అది కుదరదన్నారు. ఏ కారుకైనా కుడి సగం ఆయన చేస్తారు, ఎడమ సగం యజమాని చెయ్యాలి. గుడ్డ పట్టని మనిషి కారును ఆయన ముట్టుకోరు. ఇందుకు ఆయన చెప్పిన కారణం ఇది: "నేను మెరిపిచ్చుడు ఒక్క దినం. మీరు తుడుచుడు రోజూ. మీ చెయ్యి మంచిగయితెనే బండి మంచిగుంటది."

అలా మూడు ఆదివారాలు ఆయన పక్కన పనిచేశాను. నేర్చుకున్నది కొంత ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే ఆయన ఎలా రుద్దేవారో తెలియకపోతే బానెట్టు సంగతి తేలదు. మొదట కడగడం. రెండు బకెట్లు, ఒకటి సబ్బునీళ్లు, రెండోది ఉత్త నీళ్లు. కారు తుడిచిన గుడ్డను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించిన తరువాతే మళ్లీ సబ్బునీళ్లలో ముంచాలి. పైనుంచి కిందికి రావాలి, చక్రాల దగ్గర వేరే గుడ్డ. తడి ఆరిన తరువాత, వేళ్లకు పలుచని ప్లాస్టిక్ కవరు తొడుక్కొని రంగు మీద మెల్లగా పోనివ్వాలి. ఉత్త చేతికి నున్నగా తోచిన చోటే కవరు చేతికి బొంబాయి రవ్వ చల్లినట్టు గరగరలాడుతుంది. ఆ గరుకును సబ్బునీళ్లు చల్లి మెత్తని బంకముద్దతో తీసేయాలి. అప్పుడు గానీ పేస్టు డబ్బా మూత తీసేవారు కాదు.

పేస్టు బియ్యపుగింజంత. మొదట ఎవరికీ కనబడని చోట, తలుపు అడుగున, కొంచెం రుద్ది చూడాలి. ఆ తరువాత జానెడు జానెడు మేర. గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. నేను వాటికి మనసులో అంకెలు వేసుకున్నాను. రుద్దడం ఎప్పుడూ తిన్నగా, ముందు నుంచి వెనక్కు. "గాలి ఎటు పోతదో చెయ్యి గూడ అటే పోవాలె" అనేవారు. గీత మిగిలినా గాలి పోయే దారిలో ఉంటే ఒక పక్క నుంచే కనబడుతుంది. గుండ్రంగా రుద్దితే ఎటు నుంచి చూసినా ఎండలో లేస్తుంది. ఆ మూడు వారాల్లో ఆయన చెయ్యి ఒక్కసారి కూడా గుండ్రంగా తిరగడం నేను చూడలేదు. బానెట్టు మీద పొడుచుకువచ్చే అంచుల మీద, తలుపుల మూలల మీద రుద్దడానికి ముందే కాగితపు టేపు అంటించేవారు. అక్కడ రంగు పలుచగా ఉంటుందట, మోకాలి మీది చర్మం లాగ.

పని బాగా కుదిరిందో లేదో చూడడానికి ఆయన మెరుపును నమ్మేవారు కాదు. తన ఉర్దూ పత్రికను తలుపుకు ఎదురుగా పట్టి, రంగులో కనబడే నీడలో చదివేవారు. అక్షరం విడివిడిగా కనబడితే సరి. "చూడుండ్రి సారు, గీ బండిల మా పేపరు గూడ మీ పేపరు లెక్క ఎడమదిక్కు నుంచి షురువయితది" అని ఒకసారి నాకు చూపించారు. మూడో ఆదివారం మధ్యాహ్నం నా ఎడమ సగం తలుపులో కూడా ఆయన పెద్ద శీర్షిక ఒకటి చదవగలిగారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పై అధికారులు నా నక్షాలను మెచ్చుకున్న రోజులు ఉన్నాయి. ఆనాటి సంతోషం వాటికి తక్కువ కాదు.

ఒక్క గీత మాత్రం మిగిలింది. బానెట్టు ఎడమ అంచు మీదుగా, నాలుగు వేళ్ల పొడవు. అది దుమ్ము గీత కాదు. తుడిచేటప్పుడు నా నడుముకున్న తాళాలు తగిలి పడిన గీత. చాచా దాని మీద అడ్డంగా గోరు పోనిచ్చారు. గోరు ఆగింది.

"ఇగ దీన్ని ముట్టుడు లేదు. గోరు ఆగుతాందంటె గీత లోపలికి పోయిందని. రుద్దితె గీత పోదు, రంగు పోతది. వ్యాక్స్‌తోని కప్పుదాం."

నా పాత స్కూటరు ట్యాంకు మీద సాధన చేసుకొమ్మని చిన్న డబ్బాలో కొంచెం పేస్టు ఇచ్చి పంపారు. తోడల్లుడు గురువారం వస్తున్నారు.

మంగళవారం ఉదయం ఆ గీత ముందు నిలబడ్డాను. నా వృత్తిలో ట్రేసింగ్ కాగితం మీద సిరా గీత తప్పితే, సగం బ్లేడుతో సుతారంగా గీకి, ఆ చోటును గోటితో నున్నగా రుద్ది మళ్లీ గీసేవాళ్లం. దిద్దిన చోటు కనబడకుండా దిద్దడంలో నాకు పేరుండేది. కాగితం మీద చేయగలిగింది ఇనుము మీద చేయలేనా అనుకున్నాను. చాచా అంటించి, గీతను ముట్టకుండా ఉంచేసిన టేపు ఆ అంచు మీద ఇంకా ఉంది; గీత దాని కిందికి పోయింది కాబట్టి టేపు తీసేశాను. స్కూటరు కోసం ఇచ్చిన పేస్టు బియ్యపుగింజంత పెట్టి, తరువాత శనగగింజంత పెట్టి, ఒక వేలితో రుద్దాను. తిన్నగా రుద్దితే చాలా సమయం పడుతున్నట్టు తోచి గుండ్రంగా రుద్దాను. గంట గడిచింది. గీత పోయింది. గీతతో పాటు మెరుపూ, మెరుపు కింది నలుపూ పోయాయి. అంచు మీద, రంగు కింద పూసే బూడిదరంగు అస్తరు బయటపడింది, చుట్టూ రూపాయి బిళ్ల కంటే పెద్దగా మసక.

దాని మీద వ్యాక్స్ పూశాను. నీడలో తెలియలేదు.

గురువారం తోడల్లుడు వచ్చి కారు చుట్టూ తిరిగి చాలా సంతోషించారు. నన్ను మెచ్చుకుంటూనే కారును గేటు దాటించి ఎండలో నిలిపారు. దిగి చూశారు. ఆయన ముఖం మారింది. మా ఆవిడ ఏమీ తెలియక, మూడు వారాలు చాచా దగ్గర పాలిష్ పెట్టించిన సంగతి చెప్పింది.

"గా ముసలాయననేనా అన్నా, గిట్ల జేసింది?"

"అక్కడే చేయించాను" అన్నాను.

ఆ రెండు మాటల్లో అక్షరం కూడా అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నా జీవితంలో నేను ఆడలేదు.

అప్పటికప్పుడు ఇద్దరం షెడ్డుకు వెళ్లాము. చొక్కాలు తిప్పి తొడుక్కున్న వారు ముగ్గురు నలుగురు ఉన్నారు. అందులో ఇద్దరు మా తోడల్లుడి విల్లాల వారే. ఆయన గొంతు పెంచి అడిగారు. చాచా చేతులు తుడుచుకొని వచ్చి, అలవాటుగా ముందు అరచెయ్యి పెట్టి వేడి చూశారు. ఒక కన్ను మూసి మసకను చూశారు. చూపుడు వేలితో దాని చుట్టూ ఒక్కసారి గుండ్రంగా గీసి, టేపు ఉండవలసిన అంచు మీద వేలు ఆపారు. తల ఎత్తి నన్ను చూశారు. నేను గోడ మీది స్టీలు డబ్బాను చూస్తున్నాను.

"గీ బండి నా షెడ్డుల నుంచి పోయింది సార్. మీకు మంచిగ లేదంటె మంచిగ లేనట్టే" అన్నారు తోడల్లుడితో.

"కండ్లు ఆనకపోతె పని బంద్ జేసుకోవాలె చాచా. మంది బండ్లు ఖరాబ్ జేసుడెందుకు?"

"కండ్లు మంచిగనే ఆనుతయి సార్."

అంతే. ఆయన వెనక్కి వెళ్లి తన సగం పని అందుకున్నారు. అప్పుడైనా నోరు తెరవవలసినవాణ్ణి నేను. తెరవలేదు.

ఆ తరువాతి ఆదివారం కొంపల్లి కార్లు రాలేదు. మరుసటి వారం కూడా రాలేదు. దారిన పోతూ బస్సులోంచి చూసేవాణ్ణి: పొడవాటి షెడ్డులో ఒక్క కారో, ఒక్కొక్కప్పుడు అదీ లేకనో. చాచా గోడ మీద కూర్చొని పత్రిక చదువుకుంటూ ఉండేవారు, తలుపుకు ఎదురుగా పట్టకుండా, మామూలుగా.

నాలుగో వారం బస్సు దిగాను. ఆయన ఒక పాత జీపు తలుపు రుద్దుతున్నారు. ఎదుట నిలబడి, ఆ బానెట్టు పాడుచేసింది నేనేనని చెప్పాను. టేపు తీసిన సంగతి, పేస్టు సంగతి, నక్షాల మీది బ్లేడు సంగతి, అన్నీ వరుసగా చెప్పాను. ఆయన చెయ్యి ఆగలేదు.

"ఎర్కే సారు. గుండ్రంగ రుద్దేటోల్లు ఈ ఏరియాల మీరొక్కరే."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. మీ చుట్టాల ముందట మిమ్మల్ని ఎట్ల నిలబెడతా అని ఆయన తిరిగి అడిగారు. క్షమించమని అన్నాను. ఆయన గుడ్డ మడత మార్చారు.

"నాకు చెప్తె ఏం ఫాయిదా? నాకు ఎర్కున్నదే. ఎర్క లేనోల్లకు చెప్పుండ్రి." ఆగి, నా వైపు ఇంకో గుడ్డ చాపారు. "ఇగ చొక్కా తిప్పుకొని గా డోరు పట్టుండ్రి. ఒట్టిగ నిలబడితె ఏమొస్తది?"

ఆ సాయంత్రమే తోడల్లుడికి ఫోను చేసి చెప్పాను. ఆయన నవ్వారు. బానెట్టుకు మళ్లీ రంగు వేయించాననీ, అయిపోయినదాన్ని వదిలేయమనీ అన్నారు. మీ విల్లాలలో వారికి కూడా చెప్పండి అన్నాను. సరే అన్నారు. చెప్పలేదు. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. చెప్పవలసింది ఆయన కాదు. నేను ఇంటింటికీ వెళ్లి చెప్పవలసింది. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ ఉండగా 2012లో ఆ కోళ్ల షెడ్డు స్థలం ప్లాట్లయింది. రేకులు దించేశారు. చాచా తూప్రాన్ వైపు తమ్ముడి దగ్గరికి వెళ్లారని ఒకరు, ఇంకా ముందుకు వెళ్లారని ఒకరు చెప్పారు.

ఈ 2014 వేసవిలో మా కాలనీవాళ్లు ఒక సాయంత్రం చెట్టు కింద కుర్చీలు వేసుకొని, రాష్ట్రం వేరయింది కాబట్టి కార్ల నంబరు పలకలు మార్చాలా అక్కరలేదా అని వాదించుకుంటున్నారు. కొత్త కారు కొన్న ఒక బ్యాంకు ఉద్యోగి, చేత్తో పాలిష్ పెట్టేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగారు. వెంటనే ఒకరు ఆ పని అసలు చేయించవద్దనీ, ఇక్కడ ఒక ముసలాయన కళ్లు కనబడక సారు వాళ్ల తోడల్లుడి బానెట్టు తగలబెట్టాడనీ చెప్పి, సాక్ష్యం కోసం నా వైపు చూశారు. నేను లేచి నిలబడి, అది ఆయన పని కాదు, నేను చేసిన పని అని స్పష్టంగా చెప్పాను. ముసలాయన మాట ఎత్తినాయన చేతులు జోడించి, "మీది పెద్ద మనసు సార్. పేదోని తప్పు మీద ఏసుకుంటున్నరు" అన్నారు. మిగిలినవారు తలలూపారు. బ్యాంకు ఉద్యోగి నా వైపు భక్తిగా చూశారు. నేను ఎంత గట్టిగా చెబితే నా మనసు అంత పెద్దదవుతూ పోయింది.

అందుకే ఆయన చెయ్యి ఎటు పోయేదో, నా చెయ్యి ఎటు పోయిందో, టేపు ఎవరు అంటించారో ఎవరు తీశారో, ఇంత వివరంగా రాశాను. ఎండలో ఒక్కసారి గుండ్రటి గీతలు చూసినవారెవరికైనా ఇది తీర్పు చెప్పడానికి చాలు.

పని పద్ధతి విషయంలో నా జ్ఞాపకం పొరపడి ఉండవచ్చు. బంకముద్ద ముందో టేపు ముందో అన్న చోట నాకు కొంత సందేహం ఉంది. వ్యాక్స్ ఎంత పలుచగా పూసేవారో మాటల్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన పక్కన చొక్కా తిప్పుకొని గుడ్డ పట్టినవారు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. వారు నా తప్పులను దిద్దాలని కోరుతున్నాను. ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో తెలిసినవారు దీన్ని ఆయనకు చదివి వినిపించి, ఆయన చెప్పిన దిద్దుబాట్లను నాకు అందజేస్తే మరీ మంచిది. ఒక్క వాక్యాన్ని మాత్రం నా మీద గౌరవంతో గానీ దయతో గానీ ఎవరూ సవరించవద్దు. ఆ నల్ల బానెట్టు మీది రంగు లేపినవాణ్ణి నేను.